నంబరు తప్పిన పాటలు

మా నాన్న పాట నంబరు తప్పు చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. మా గుడిలో పాటలెత్తేవాడు ఆయనే. చర్చిని మేం గుడి అనే అంటాం. పాస్టరు గారు పాటలో మొదటి మాట అనగానే, పుస్తకం తెరవకుండా నాన్న దాని నంబరు చెప్పేసేవాడు. ఆదివారం మధ్యాహ్నం అన్నాల దగ్గర మేం పిల్లలం ఆయనకి పరీక్ష పెట్టేవాళ్ళం. పాట అందుకుంటే నంబరు, నంబరు అంటే పాట, నోట్లో ముద్ద మింగకుండానే చెప్పేవాడు. చదివింది మూడో తరగతి. చేసేది నూజివీడు మామిడి యార్డులో హమాలీ పని. పేరు సలోమోను.

ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, కావలసిన సమయానికి నేను దాన్ని మర్చిపోయాను. నాకు యాభై ఒక్క ఏళ్ళు. ఇరవై ఆరేళ్ళుగా హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. పిల్లలు ఒత్తు మర్చిపోతే చెవి మెలేస్తానని పేరు. నా చెవి మెలేసేవాళ్ళు లేకపోయారు.

పోయిన ఏప్రిల్లో హమాలీల యూనియన్ కార్యదర్శి స్టీఫెన్ మా ఇంటికొచ్చాడు. తనూ హమాలీయే. వాళ్ళ నాన్నా మా నాన్నా ఒకే ముఠాలో బరువులు మోసినవాళ్ళు. యూనియన్‌కి యాభై ఏళ్ళు నిండుతున్నాయట. మే నెలాఖరున సభ, ఆ సభలో పాటల పుస్తకం.

"సలోమోను గారి పాటలు పన్నెండూ వేస్తున్నామండీ. అట్ట మీద ఆయన ఫోటో. నోటుబుక్కు మీ దగ్గరే ఉంది కదా. శుభ్రంగా రాసిచ్చి, ముందు మీరు నాలుగు ముక్కలు కలపండి మేడం. ఎప్పుడు రాసేవారు, ఎలా రాసేవారు అని" అన్నాడు.

"ఆయన రాస్తుంటే నేనెప్పుడూ చూడలేదు స్టీఫెన్."

"చిన్నపిల్లలు కదండీ మీరప్పుడు."

అవును, పన్నెండేళ్ళు. అది ఎనభై అయిదో సంవత్సరం. ఆ ఏడు మామిడి సీజను మధ్యలో హమాలీలు పదకొండు రోజులు పని ఆపారు. అడిగినవాటిలో ముఖ్యమైనది హమాలీలకి సంబంధించింది కాదు. మామిడికాయ ముచ్చిక కోసినప్పుడు చిమ్మే సొన చర్మం మీద పడితే కాలుతుంది. షెడ్డుల్లో ఆడవాళ్ళు పొద్దస్తమానం ముచ్చికలు కోసి, కాయల్ని గడ్డిలో పేర్చి గంపలు కట్టేవాళ్ళు. చేతులు కడుక్కోవడానికి వాళ్ళకి నీళ్ళుండేవి కావు. వాళ్ళకొక నీళ్ళ తొట్టి, తలమీద కాస్త రేకుల నీడ కావాలని మగవాళ్ళు పని ఆపారు. ఆపించినవి ఈ పాటలే. అన్నీ పేరడీలు. వరస గుడిలో పాటది, మాటలు యార్డువి. గేటు దగ్గర నాన్న ఎత్తుకుంటే, షావుకార్ల గుమాస్తాలు కూడా నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకునేవారట. తొట్టి వచ్చింది. ఇప్పటికీ ఉంది.

నాన్నకి మాత్రం బల్ల పోయింది. నెలకోసారి గుడిలో రొట్టె, ద్రాక్షరసం పంచుతారు. దాన్ని మేం బల్ల అంటాం. సమ్మె అయిన జూలైలో ఒక ఆదివారం ఆరాధన ముగిశాక సంఘ పెద్దలు నాన్నని ముందుకి పిలిచారు. నేను ఆడవాళ్ళ వైపు చాప మీద ఉన్నాను. పరిశుద్ధమైన పాటల్ని వెటకారం చేశాడని అభియోగం.

"ఈ పాటలు నీవేనా సలోమోనూ?" అని అడిగారు.

"నా నోటితో పాడానండి" అన్నాడు నాన్న.

మినిట్స్ పుస్తకంలో 'ఒప్పుకొనెను' అని రాసుకున్నారు. పశ్చాత్తాపపడే వరకు బల్ల లేదు, పాటలెత్తడం లేదు. నాన్న పశ్చాత్తాపపడలేదు, గుడికి రావడం మానలేదు. ఇరవై ఒక్క ఏళ్ళు, చనిపోయిన రెండు వేల ఆరు దాకా, ప్రతి ఆదివారం వచ్చి గుడి వసారాలో ఎడమవైపు స్తంభం పక్కన కూర్చున్నాడు. లోపల పాట వస్తుంటే పెదవి కదిపేవాడు కాదు. రొట్టె పళ్ళెం వరసలు దాటుకుంటూ గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగేది. అప్పుడు మాత్రం తలొంచుకుని వేళ్ళు చూసుకునేవాడు. మొదటి ఆదివారమే నేను వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన పోయాక కూడా లోపలికి వెళ్ళలేదు. విజయరాణికి పొగరు అంటారు. పొగరే, కాదనను.

కొత్తగా వచ్చిన పాస్టరు సంతోష్ కుమార్ గారిని నిరుడు అడిగాను, నలభై ఏళ్ళ నాటి తీర్మానం ఇకనైనా కొట్టెయ్యండి అని. కుర్రాడు, మంచివాడు. పాత పుస్తకం తీసి చూశారు. "ఆయన ఒప్పుకున్నట్టు ఉంది కదండీ" అన్నారు నొచ్చుకుంటూ. ఆ రోజు నాకొకటి ఖాయమైపోయింది. పాటల కోసం నాన్న బల్ల పోగొట్టుకున్నాడు. అయితే ఆ పాటల మీదైనా ఆయన పేరుండాలి, అచ్చులో, అట్ట మీద. నాకు కావలసింది అదొక్కటే. స్టీఫెన్ అడిగిందీ అదే. నోటుబుక్కు తీశాను.

ఇక్కడొక సిగ్గుపడే విషయం చెప్పాలి. తెలుగు టీచర్ననే అహంకారంతో నాకు ఆ పాటలంటే లోలోపల చిన్నచూపు. పన్నెండింట్లో మూడింటి వరసలే యార్డులో జనానికి గుర్తున్నాయి. మిగతా తొమ్మిదికి నాన్న పైన రాసుకున్న నంబరే ఆధారం. '217 రాగం', '88 రాగం', అలా. కీర్తనల పుస్తకం తీసి ఆ నంబరు పాట వరసలో పాడితే ఒక్కటీ కుదరదు. పెద్దవాడి చొక్కా చంటిబిడ్డకి తొడిగినట్టు ఒకచోట జారుతుంది, ఒకచోట కాళ్ళకి అడ్డం పడుతుంది. స్టీఫెన్ ఫోన్లో రికార్డు చేద్దామని కూర్చుంటే గంటసేపు ఇద్దరం తంటాలు పడ్డాం.

"హమాలీ మనిషి కదండీ, ఆయనకి తోచినట్టు రాసుంటారు. మీరు కాస్త సర్దండి మేడం" అన్నాడు.

సర్దాను. ఎర్ర పెన్ను తీసుకుని, మా నాన్న నోటుబుక్కు జిరాక్స్ మీద, పదో తరగతి పిల్లల పేపరు దిద్దినట్టు దిద్దాను. ఎక్కువైన మాటలు కొట్టేశాను, తక్కువైనచోట పూడ్చాను. ఆ కాగితాలు స్టాఫ్‌రూములో నా బల్ల మీద ఉండగా లెక్కల టీచరు షీబా టీ తాగుతూ వంగి చూసింది. షీబా ఆర్‌సీఎం అమ్మాయి, అంటే కేథలిక్కు.

"ఏంటి మేడం, మా సర్వేశ్వరుణ్ణి కొట్టేశారు?" అంది.

ఏడో పాట అది. మొదటి చరణం ఇలా ఉంటుంది:

సొన కాలిన చేతులివి, సర్వేశ్వరా చూడుము
ముచ్చిక కోసిన వేళ్ళకు మూడు చెంబుల నీరిమ్ము
చెరువు మేము అడగలేదు, సెలయేరు అడగలేదు
చేయి కడుగు తొట్టి అంటే షావుకారు పలకడు

సర్వేశ్వరా అన్న మాట కొట్టేసి పైన 'దేవ దేవ' అని ఎర్రగా రాశాను నేను.

"మీ అంటే?" అన్నాను.

"మా వాళ్ళే కదండీ దేవుణ్ణి సర్వేశ్వరుడు అనేది. మా అమ్మమ్మ తుమ్మినా సర్వేశ్వరా అనేది. మీ గుడిలో ఎవరంటారు?"

ఎవరూ అనరు. నా ఎరుకలో మా గుడిలో ఆ మాట వినలేదు. పాటలో మాత్రం నలభై ఏళ్ళుగా చదువుతూ ఉన్నాను, ఏదో అక్షరాలు సరిపోవడానికి వేసుకున్నాడులే అనుకుంటూ.

మర్నాడు షీబా వాళ్ళమ్మ పాత పాటల పుస్తకం తెచ్చింది. అట్ట లేదు, ట్వైన్ దారంతో కుట్టి ఉంది. కొత్త పుస్తకాల్లో నంబర్లు మారిపోయాయట, ఇది ఆ రోజులది. రెండొందల పదిహేడు తీసి బల్ల మీద వేళ్ళతో దరువేస్తూ, ఆ వరసలో ఏడో పాట పాడింది. ఒక్క అక్షరం ఎక్కువ కాలేదు, ఒక్కటి తక్కువ కాలేదు. ఎనభై ఎనిమిది తీసింది. కుదిరింది. జనానికి గుర్తున్న ఆ మూడు పాటల వరసలు రెండు పుస్తకాల్లోనూ ఉన్నాయి; వాటికి కూడా నాన్న రాసిన నంబరు మా పుస్తకంలోది కాదు, వాళ్ళ పుస్తకంలోదే.

అప్పుడు గుర్తొచ్చింది, నాన్న పాట నంబరు తప్పు చెప్పడని. ఆయన తప్పలేదు. ఆ నంబర్లు ఇంకెవరివో. ఇంకో సంగతి కూడా నా కళ్ళెదుటే ఉండి నాకు కనబడలేదు. ముచ్చిక కోసే వేళ్ళ గురించి హమాలీకేం తెలుసు? సొన మచ్చలు నాన్న చేతులకి లేవు. ఆయనకి మెడ వెనక, భుజాల మీద కాయలు కాసి ఉండేవి.

షీబా సంబరపడింది. నేను మాత్రం కాగితాలు సంచిలో కుక్కుకుని ఇంటికి వెళ్ళిపోయాను. రెండు రోజులు స్టీఫెన్ ఫోను ఎత్తలేదు. ఎవరికీ చెప్పకుండా ఊరుకుంటే ఏం పోయింది అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. పుస్తకం అచ్చవుతుంది, నాన్న ఫోటో అట్ట మీదకి ఎక్కుతుంది. ఆ పాటలు కూడా ఆయనవి కాకపోతే, ఇరవై ఒక్క ఏళ్ళు వసారాలో కూర్చున్న మనిషికి ఇంకేం మిగిలింది? మూడో రోజు నాన్న చేతిరాత చూస్తూ కూర్చున్నాను. ప్రతి పాట మీదా నంబరు చుట్టూ జాగ్రత్తగా గీసిన సున్నా. దాచాలనుకునేవాడు అలా చుట్టడు. అందుకే లేచాను.

యార్డు వెనక వీధిలో అచ్చమ్మ ఉంది. ఎనభై దాటాయి. ఆ రోజుల్లో గంపలు కట్టిన మనిషి. ఆర్‌సీఎం వాళ్ళలో పాటలు కట్టేవాళ్ళెవరైనా ఉండేవారా అని అడిగాను.

"సుసన్నా" అంది, క్షణం కూడా ఆలోచించకుండా. "పక్క గంప దగ్గర కూర్చునేది. దాని నోరు ఊరుకునేదా! గేటు పాటలన్నీ దానివే."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేంటి మామ్మా?"

"మమ్మల్నెవరడిగారమ్మా? మీరంతా వెళ్ళి హమాలీల్నే అడిగారుగా."

సుసన్నా ఇప్పుడు జి. కొండూరులో కూతురి దగ్గర ఉంటోందని చెప్పింది. శనివారం పొద్దున్నే మైలవరం మీదుగా బస్సులో వెళ్ళాను. దారి పొడుగునా తోటల్లో కోతలు జరుగుతున్నాయి, కిటికీలోంచి పచ్చికాయ వాసన. సొంత తండ్రి పేరు చెరపడానికి టికెట్టు కొనుక్కుని వెళ్తున్నానని నన్ను నేనే తిట్టుకుంటూ కూర్చున్నాను.

సుసన్నా వరండాలో చేటలో బియ్యం ఏరుకుంటోంది. డెబ్భై రెండేళ్ళ చిన్న మనిషి. వేళ్ళ సందుల్లో చర్మం నల్లగా కమిలి అలాగే ఉండిపోయింది. కూతురు షాలోమి కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చింది. నేనెవరో చెప్పకుండా, "రెండొందల పదిహేడు" అన్నాను.

ఆవిడ చేతులు ఆగాయి. తలెత్తకుండానే 'సొన కాలిన చేతులివి' అందుకుంది. గొంతు అరిగిపోయింది కానీ పాట ఎక్కడా తప్పలేదు. మొత్తం పాడింది. నేను దిద్దిన చోట్లన్నీ ఒక్కొక్కటే దాటుతుంటే నాకు చెవులు మండాయి.

"సలోమోనన్న కూతురివా?" అంది పాట అయ్యాక. "అదే ముక్కు."

"ఈ పాటలు మీరు రాశారా?"

"రాయడం నాకెక్కడొచ్చమ్మా? అంకెలొచ్చు, గుళ్ళో బోర్డు మీద నంబరు చూసి నేర్చుకున్నా. నేను కట్టేదాన్ని. గంప ఎత్తుకోడానికి మీ నాన్న వచ్చేవాడు కదా, ఆ కాస్తలో చెప్పేదాన్ని. సిగరెట్టు పెట్టె అట్ట మీద గబగబా రాసుకునేవాడు. గంపలు కట్టేది మేము, మోసేది వాళ్ళు. పాటా అంతే."

నా మొహంలో ఏం అనుమానం కనిపించిందో, "గంప తలకెత్తేటప్పుడు ఎదురెదురుగా నిలబడేవాళ్ళం. అంతేనమ్మా" అని తనే అంది.

ఆయన పేరుతో ఎందుకు నడిచాయి అని అడిగాను. ఆవిడకి అప్పటికే భర్త లేడు. సీజన్లో షెడ్డు పని, మిగతా రోజులు సిస్టర్ల బోర్డింగులో వంట. ఇద్దరు పిల్లలూ ఆ బోర్డింగులోనే ఉండి చదువుకునేవాళ్ళు. దేవుడి పాటలకి పేరడీ కట్టిందని తెలిస్తే షెడ్డూ పోతుంది, బోర్డింగూ పోతుంది. "నా నోటితో పాడతాను, నీ పేరు మాత్రం నా నోటితో రాదు అన్నాడు మీ నాన్న."

నా నోటితో పాడానండి. ఆ మాట విని పెద్దలు ఒప్పుకొనెను అని రాసుకున్నారు. నేనూ అలాగే విన్నాను. అబద్ధం ఆడకుండా, నిజం చెప్పకుండా నాన్న ఎంత జాగ్రత్తగా ఆ ఒక్క వాక్యం పట్టుకుని నిలబడ్డాడో నలభై ఏళ్ళకి గాని నాకు అర్థం కాలేదు.

"నంబర్లు?" అన్నాను.

"మీ పుస్తకంలో నంబరు వేసుకో అన్నా, ఎవరికైనా అనుమానం వస్తుందని. వినలేదు. పాట నీదైనప్పుడు నంబరు కూడా నీదే ఉండాలి అని చుట్టూ సున్నా చుట్టేవాడు."

అక్కడితో ఊరుకోవలసింది. ఊరుకునే గుణమే ఉంటే నేను ఇన్నేళ్ళు వసారాలో కూర్చునేదాన్ని కాదు.

"మరి గుడిలో ఆయన్ని నిలబెట్టినప్పుడు మీరెందుకు రాలేదు?"

"నిలబెట్టారా?" అంది. నిజంగా తెలియదు ఆవిడకి. "ఏదో అన్నారని విన్నాను. అన్నని అడిగాను కూడా. సమ్మె అవ్వగానే నేను పాపసంకీర్తనానికి వెళ్ళి మా ఫాదర్ గారికి చెప్పేసుకున్నా, ఇలా దేవుడి పాటల్ని తిప్పి కట్టానని. ఆయన తెర అవతల నవ్వాడమ్మా, నాకు వినబడింది. మూడు జపమాలలు చెప్పుకోమన్నాడు. అయిపోయింది. నువ్వూ వెళ్ళి మీ పాస్టరు గారికి చెప్పేసుకో అని అన్నకి చెప్పా. అయిపోయిందమ్మా అన్నాడు. మీకూ అలాగే ఉంటుందనుకున్నా."

మాకు అలా ఉండదు. మాకు తెర లేదు. అందరి ముందూ నిలబెడతారు, పుస్తకంలో రాస్తారు. ఆ సంగతి చెప్పాను. బల్ల ఆపేశారని, పాట ఆపేశారని, ఇరవై ఒక్క ఏళ్ళని, పళ్ళెం గుమ్మం దాకా వచ్చి తిరిగి వెళ్ళేదని, ఒక్కటీ వదలకుండా చెప్పాను. ఆవిడ బాధపడాలనే చెప్పాను.

"వసారాలోనా?" అంది.

"వసారాలో."

"వానొచ్చినా?"

"వానొచ్చినా."

"నాకు మూడు జపమాలలు" అంది. చేట ఒళ్ళోంచి జారి బియ్యమన్నీ వరండాలో ఒలికిపోయాయి. రెండు చేతులూ మొహానికి కప్పుకుని పెద్దగా ఏడ్చింది. కూతురు లోపల్నించి పరిగెత్తుకొచ్చి నా వైపు కోపంగా చూసింది. నేను కోరుకున్నది అదే, కానీ చూస్తూ ఉండలేకపోయాను. కింద కూర్చుని గింజలు ఏరడం మొదలుపెట్టాను. నాకూ ఏడుపొచ్చింది. నాన్న పోయినప్పుడు రాని ఏడుపు అది.

కాసేపటికి ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "మీ గుడికి నేనొస్తాను. వచ్చి చెబుతాను" అంది. ఇప్పుడెందుకమ్మా అని షాలోమి బతిమాలినా వినలేదు. "పిల్లలు చదువుకున్నారు, బోర్డింగు అవసరం తీరింది. ఇంకా ఎవర్ని కాపాడతాడు ఆయన?"

మే మొదటి ఆదివారం, బల్ల ఇచ్చే రోజు, తల్లీకూతుళ్ళు ఆటో దిగారు. సుసన్నా గుడి మెట్లెక్కి ముందు నన్ను అడిగింది, ఏ స్తంభం అని. చూపించాను. వెళ్ళి అక్కడ కూర్చుంది. ప్రసంగమంతా అక్కడే కూర్చుని వింది. నేను ఆవిడ పక్కన కూర్చున్నాను, ఒకప్పుడు నాన్న పక్కన కూర్చున్న చోటే.

ప్రసంగం ముగిశాక పాస్టరు గారు ఆవిణ్ణి ముందుకి పిలిచారు. నాన్నని నిలబెట్టిన చోటే నిలబడింది. ఆ పాటలు కట్టింది నేను, ఆ అన్న కాదు అని రెండే మాటల్లో చెప్పింది. సంఘ పెద్దల్లో ఒకాయన, అప్పటి పెద్ద గారి కొడుకే, ఊరుకోలేకపోయాడు.

"కట్టకపోయినా పాడాడుగా?"

"పాడకపోతే తొట్టి వచ్చేదాండీ?" అంది సుసన్నా.

ఆడవాళ్ళ వైపునుంచి ఎవరో ఆమేన్ అన్నారు. యార్డు పనికి వెళ్ళే మనుషులు అటువైపు చాలామందే ఉన్నారు. ఆయన ఇంకేదో అనబోయి కూర్చున్నాడు.

సంతోష్ కుమార్ గారు నాకు ముందే చెప్పారు, పాత తీర్మానం కొట్టెయ్యడం కుదరదండీ, కింద మరో మాట రాయచ్చు అని. రాశారు, పైకి చదివారు: ఆ పాటలు సలోమోను గారు కట్టినవి కావనియు, ఆనాడు ఆయన చెప్పిన మాట సత్యమేననియు సంఘము ఇప్పుడు గ్రహించినది. అంతే. క్షమించండి అన్న మాట లేదు. నేను గొడవపెట్టుకుంటానని అందరూ నా వైపు చూశారు. నాకు సత్యమే అన్న ఆ ఒక్క మాట చాలింది.

తర్వాత రొట్టె పళ్ళెం కదిలింది. వరసలు దాటుకుంటూ గుమ్మం వైపు వచ్చింది. ఎప్పట్లాగే అక్కడ ఆగి తిరగబోయింది. సంతోష్ కుమార్ గారు అది పట్టుకుని గుమ్మం దాటి వసారాలోకి వచ్చారు. తీసుకున్నాను. సుసన్నా వెనక్కి వచ్చి నా పక్కన కూర్చుని ఉంది. మా బల్ల ఆవిడ తీసుకోకూడదు, వాళ్ళ నియమం. చేతులు జోడించుకుని, నేను తినే దాకా నా వైపే చూసింది.

ఆ సాయంత్రం ఎర్ర సిరా కాగితాలన్నీ పొయ్యిలో వేశాను. సర్వేశ్వరుణ్ణి మళ్ళీ ఆయన చోటే కూర్చోబెట్టాను. పన్నెండు పాటలూ నాన్న నోటుబుక్కులో ఉన్నవి ఉన్నట్టు, నంబర్లతో, నంబర్ల చుట్టూ సున్నాలతో ఎత్తి రాశాను. మొదటి పేజీ చాలాసేపు ఖాళీగానే ఉంచాను. రచన అని రాద్దామనుకుంటే సుసన్నాకి రాత రాదు. సేకరణ అని రాద్దామనుకుంటే నాన్న చేసింది అది కాదు. చివరికి యార్డు మాటలే రాశాను.

మర్నాడు స్టీఫెన్ వచ్చి ఆ పేజీ చదివాడు.

కట్టినది: సుసన్నా
మోసినది: సలోమోను

"పాటల పుస్తకం కదండీ. మోసినది అంటే చదివేవాళ్ళకి ఏం అర్థమవుతుంది?" అన్నాడు.

ఆయనెలా మోశాడో, ఎన్నేళ్ళు మోశాడో వరసగా చెప్పాను, సుసన్నాకి చెప్పినట్టే, ఒక్కటీ వదలకుండా. స్టీఫెన్ వింటూ వింటూ, చెయ్యి వెనక్కి పెట్టి మెడ మీద కాయ కాసినచోట తడుముకున్నాడు. కాగితం మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఇలాగే వేద్దామండీ" అన్నాడు.